ప్రశ్న ఒకటి, వరుసలు పెక్కు
డేటాబేస్ ఇచ్చు సమాధానమును చదువు విధానము

పూర్వము పదవ తరగతి పరీక్షల ఫలితములు వెలువడిన దినమున విద్యార్థులు వార్తాపత్రికలోని సన్నని అచ్చులో తమ సంఖ్యను వెదకికొనెడివారు. నేడు ఆ వెదకులాట కంప్యూటరు తెరమీద జరుగుచున్నది. సాధనము మారినది గాని విద్యార్థి ఆదుర్దా మారలేదు. జాబితాలో సంఖ్య కానరానిచో తాను పరీక్ష తప్పితినని అతడు భావించును. కాని సంఖ్య కానరాకపోవుటకు కారణము అతని మార్కులు కాక, ఆ పుటను తయారుచేసిన ప్రోగ్రాములోని లోపము కూడ కావచ్చును.

అట్టి లోపములలో పెక్కింటికి మూలము ఒక్కటే. డేటాబేస్‌ను అడిగిన ప్రశ్న ఒకటే యైనను, దానికి వచ్చు సమాధానము ఒక వస్తువు కాదు. అది వరుసల సమూహము. ఆ సమూహములో ఒక వరుసయే ఉండవచ్చును, వేయి ఉండవచ్చును, అసలు ఏమియు లేకపోవచ్చును. అందలి ప్రతి వరుసను ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, తప్పిపోకుండ చదువుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత. ఆ పని ఎట్లు జరుగునో, ఎచ్చట తప్పునో పరిశీలింతము.

పట్టిక, వరుస, ప్రశ్న

పాఠశాలలో మార్కుల రిజిస్టరును ఎరుగనివారు లేరు. దానిలో అడ్డముగా ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వరుస యుండును. నిలువుగా సంఖ్య, పేరు, మార్కులు మున్నగు గడులుండును. డేటాబేస్‌లోని పట్టిక కూడ ఇట్టిదే. ఒక చిన్న ఉదాహరణము తీసికొందము. ఒక తరగతిలో ఐదుగురు విద్యార్థులున్నారు. గణితములో వారి మార్కులు ఇవి:

సంఖ్య 1 — 72
సంఖ్య 2 — 35
సంఖ్య 3 — 28
సంఖ్య 4 — (గడి ఖాళీ, పరీక్షకు రాలేదు)
సంఖ్య 5 — 91

ఉత్తీర్ణతకు 35 మార్కులు కావలెననుకొందము. ఉత్తీర్ణులెవరని ఉపాధ్యాయుని అడిగినచో ఆయన రిజిస్టరుపై వ్రేలుంచి, పైనుండి క్రిందికి పోవుచు, 1, 2, 5 అని చెప్పును. డేటాబేస్‌ను అడుగుటకు ఎస్.క్యు.ఎల్. అను భాష కలదు. అందులో ప్రశ్న యొక్క నిర్మాణము మిక్కిలి సులభము. ఏ గడులు కావలెనో సెలెక్ట్ అను మాట తరువాత, ఏ పట్టిక నుండియో ఫ్రమ్ అను మాట తరువాత, ఏ నిబంధనకు లోబడిన వరుసలో వేర్ అను మాట తరువాత వ్రాయుదురు. "మార్కుల పట్టిక నుండి, మార్కులు 35 గాని అంతకు మించి గాని యున్న వరుసలలోని సంఖ్యను, మార్కులను ఇమ్ము" అనుటయే ఆ ప్రశ్న తాత్పర్యము.

ఈ ప్రశ్నలో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఏమి కావలెనో ఇందు చెప్పబడినది గాని, దానిని ఎట్లు వెదకవలెనో చెప్పబడలేదు. పట్టికను మొదటినుండి చదువవలెనా, సూచికను చూడవలెనా అను నిర్ణయము డేటాబేస్‌దే.

ఈ పద్ధతి ఎట్లు వచ్చినది?

1960 ప్రాంతములందలి పద్ధతి ఇట్లు లేదు. నాటి డేటాబేస్‌లలో ఒక నమోదునుండి మరియొక నమోదునకు బాటలు కల్పింపబడియుండెడివి. ప్రోగ్రాము వ్రాయువాడు ఆ బాటలన్నియు ఎరిగియుండి, నావికునివలె ఒక్కొక్క మజిలీ దాటుచు తన గమ్యమును చేరవలసియుండెను. బాటలు మార్చినచో పాత ప్రోగ్రాములు పనిచేయకుండెడివి.

1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమును ప్రకటించెను. గణితములోని సమితుల సిద్ధాంతమును ఆధారముగా గొని, సమాచారమునంతయు పట్టికలుగా భావింపవచ్చునని ఆయన నిరూపించెను. పట్టికపై ఒక ప్రశ్న వేసినచో వచ్చునది కూడ మరియొక పట్టికయే యనుట ఆయన సిద్ధాంతమునకు ప్రాణము. 1974లో అదే సంస్థలోని డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనువారలు ఈ సిద్ధాంతముపై ఆధారపడిన ప్రశ్నల భాషను రూపొందించిరి. దానికి మొదట సీక్వెల్ అని పేరు పెట్టిరి. తరువాత అదియే ఎస్.క్యు.ఎల్. అయినది. 1986లో అమెరికాలో దానికి ప్రామాణిక రూపము ఏర్పడెను. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ బహుమానము లభించినది.

కావున ఎస్.క్యు.ఎల్. సమితుల భాష. కాని వెబ్ పుటలను తయారుచేయుటకు వాడు పి.హెచ్.పి., పైథాన్ మున్నగు భాషలు అట్టివి కావు. అవి ఒక పని తరువాత మరియొక పని చేయుచు, ఒక సమయమున ఒక వస్తువును చేతబట్టుకొను భాషలు. ఒకటి సమూహమును ఇచ్చుచుండ, మరియొకటి ఒక్కొక్కటిగా పుచ్చుకొనుచున్నది. లోపములు పుట్టుచోటు ఈ రెంటి నడుమనే.

కర్సర్: వరుసపై ఉంచిన వ్రేలు

విద్యార్థి తన కంప్యూటరులో ఫలితముల పుటను కోరినంతనే ఆ కోరిక దూరమునగల సర్వరును చేరును. సర్వరులోని ప్రోగ్రాము డేటాబేస్‌కు ప్రశ్నను పంపును. డేటాబేస్ ఫలితమును సిద్ధపరచును. ప్రోగ్రాము దానిని చదివి, పుటగా కూర్చి, విద్యార్థికి పంపును.

ఫలితమును చదువుటకు ప్రోగ్రామునకు ఒక సాధనము కావలెను. దానికి కర్సర్ అని పేరు. లాటిన్ భాషలో ఈ మాటకు పరుగిడువాడని అర్థము. ఇంజనీర్లు పూర్వము వాడిన స్లయిడ్ రూలుపై అటునిటు జరుగు గీతగల గాజుబిళ్లను కూడ కర్సర్ అనియే పిలిచెడివారు. డేటాబేస్ కర్సర్ చేయు పని రిజిస్టరుపై ఉపాధ్యాయుడుంచిన వ్రేలు చేయు పనియే. అది మొదట తొలి వరుసకు పైన నిలిచియుండును. "ఒక వరుస ఇమ్ము" అని అడిగినప్పుడెల్ల ఒక మెట్టు క్రిందికి దిగి, అచ్చటి వరుసను అందించును. ఈ అడుగుటను ఫెచ్ అందురు.

వరుసలన్నియు అయిపోయిన పిదప ఇంకొకసారి అడిగినచో ఏమగును? అప్పుడు వరుసకు బదులుగా "ఇక లేదు" అను గుర్తు వచ్చును. పి.హెచ్.పి. భాషలోని పి.డి.ఓ. పద్ధతిలో ఆ గుర్తు ఫాల్స్ అను విలువ. పైథాన్‌లో నన్ అను విలువ. ప్రోగ్రాము ఆ గుర్తును చూచి ఆగవలెను. కావున సరియైన క్రమమిది:

1. ప్రశ్నను పంపుము.
2. ఒక వరుసను అడుగుము.
3. వచ్చినది "ఇక లేదు" అను గుర్తైనచో ఆగుము.
4. కానిచో ఆ వరుసను పుటలో వ్రాసి, మరల 2వ మెట్టునకు పొమ్ము.

ఇట్లు తిరిగి తిరిగి చేయు పనిని లూప్ అందురు. పై ఉదాహరణములో ఫలితమున 3 వరుసలున్నవి గాని ఫెచ్ 4 పర్యాయములు జరుగును. నాలుగవది ముగింపును తెలిసికొనుటకే.

మొదటివాడు, కడపటివాడు

ఈ నాలుగు మెట్లలో ఏది తప్పినను ఎవరో ఒకరు జాబితానుండి జారిపోవుదురు. పై ఫలితమును మార్కులనుబట్టి పెద్దనుండి చిన్నకు అమర్చితిమనుకొందము. అప్పుడు వరుసలు 5, 1, 2 అను క్రమమున వచ్చును.

క్రొత్తగా నేర్చినవారు సాధారణముగా చేయు తప్పు లూప్‌ను మరచుట. ఒక్కసారి ఫెచ్ చేసి, వచ్చినదే సమాధానమని భావింతురు. అప్పుడు పుటలో 5 మాత్రమే కనబడును. 1, 2 కనబడరు. ఒక్క విద్యార్థి వివరములను తెచ్చు ప్రోగ్రామును నకలుచేసి జాబితాకు వాడినప్పుడు ఈ తప్పు తరచుగా జరుగును. ప్రోగ్రాము ఏ దోషమును ప్రకటింపదు. అడిగినది ఒక వరుస, ఇచ్చినది ఒక వరుస. యంత్రము దృష్టిలో తప్పేమియు లేదు.

రెండవ తప్పు మరింత సూక్ష్మమైనది. ఉత్తీర్ణులు అసలు ఉన్నారో లేదో తెలిసికొనగోరి, ప్రోగ్రాము లూప్‌నకు ముందొకసారి ఫెచ్ చేయును. వరుస వచ్చినది, ఉన్నారని తెలిసినది. పిదప లూప్ ప్రారంభించి మరల ఫెచ్ చేయును. కాని కర్సర్ ఇదివరకే ఒక మెట్టు దిగియున్నది. అది వెనుకకు పోదు. కావున లూప్‌నకు 1, 2 మాత్రమే దక్కును. 91 మార్కులు తెచ్చుకొని ప్రథముడుగా నిలిచిన 5వ సంఖ్యవాడే జాబితాలో లేకపోవును! పరీక్ష కొరకు తెచ్చిన వరుసను ముందుగా వ్రాసి తరువాత లూప్‌లో ప్రవేశించుట గాని, లూప్‌లో వరుసలను లెక్కించి, లెక్క సున్న యైనచో "ఎవరును లేరు" అని వ్రాయుట గాని దీనికి మందు.

సున్న వరుసలు వచ్చుట దోషము కాదని ఇచ్చట గ్రహింపవలెను. ప్రశ్న సరిగానే నడచినది. నిబంధనకు లోబడినవారు లేరు, అంతే. ప్రశ్నయే విఫలమగుట వేరు. రెంటికిని ఒకే తెల్లని పుటను చూపుట పాఠకుని మోసగించుటయే యగును.

కడపటివానిని పోగొట్టు తప్పు కూడ కలదు. 40 మంది విద్యార్థులకు ఆరేసి విషయముల మార్కులు తెచ్చినచో 240 వరుసలు వచ్చును. విద్యార్థి సంఖ్య మారినప్పుడెల్ల ముందటి విద్యార్థి మొత్తమును వ్రాయవలెనని ప్రోగ్రాములో ఏర్పాటు చేయుదురు. 39 మందికి ఈ ఏర్పాటు చక్కగా నడచును. 40వ వాని తరువాత సంఖ్య మారదు, ఏలయన తరువాత ఎవరును లేరు. కావున లూప్ ముగిసిన పిదప అతని మొత్తమును ప్రత్యేకముగా వ్రాయనిచో అతడు తెరపైకి రానేరాడు.

క్రమము అడిగిననే లభించును

సమితికి క్రమము లేదని గణిత విద్యార్థులు చదివియుందురు. కాడ్ సిద్ధాంతములోని పట్టికకు గూడ వరుసల క్రమము లేదు. రిజిస్టరులో ముందు వ్రాసినది ముందుగా వచ్చునని భావించుట సహజము. చిన్న పట్టికలలో పలుమారు అట్లే వచ్చును గూడ. కాని డేటాబేస్ అట్టి వాగ్దానము చేయలేదు. సూచికను వాడినప్పుడో, పాత వరుసలను తొలగించి క్రొత్తవి చేర్చినప్పుడో ఆ క్రమము మారవచ్చును. నిశ్చితమైన క్రమము కావలెనన్నచో ప్రశ్న చివర ఆర్డర్ బై అను మాటతో కోరవలెను.

పెద్ద జాబితాను పుటలుగా విభజించునప్పుడు దీని ప్రాముఖ్యము బాగుగా తెలియును. 40 మందిని పుటకు 10 మంది చొప్పున 4 పుటలుగా, మార్కుల క్రమములో చూపుచున్నామనుకొందము. ప్రతి పుటకు ఒక క్రొత్త ప్రశ్న పోవును: మొదట "తొలి 10 వరుసలు", తరువాత "10 వదలి తరువాతి 10". ఇప్పుడు 10వ స్థానమునకు తగినవారు ఇద్దరున్నారు. ఇద్దరికిని 72 మార్కులే. వారిలో ఎవరు ముందో ప్రశ్నలో చెప్పలేదు గాన మొదటి పుటకు ఒక విధముగను, రెండవ పుటకు వేరొక విధముగను డేటాబేస్ అమర్చవచ్చును. అట్లయినచో ఒకడు రెండు పుటలలోను కనబడును. రెండవవాడు ఏ పుటలోను కనబడడు. మార్కుల తరువాత విద్యార్థి సంఖ్యను కూడ క్రమమునకు ఆధారముగా పేర్కొన్నచో ఈ చిక్కు తీరును. ఏ ఇద్దరికిని ఒకే సంఖ్య ఉండదు గదా.

ఖాళీ గడి

పై పట్టికలో 4వ సంఖ్య గలవాని సంగతి ఇంకను మిగిలియున్నది. ఉత్తీర్ణుల జాబితాలో 1, 2, 5 వచ్చిరి. "మార్కులు 35 కంటె తక్కువ" అని అడిగినచో ఎవరు వచ్చెదరు? 3 మాత్రమే. ఐదుగురిలో నలుగురే లెక్కకు వచ్చిరి.

డేటాబేస్‌లో ఖాళీ గడిని నల్ అందురు. అది సున్న కాదు. విలువ తెలియదని చెప్పు గుర్తు. తెలియని విలువ 35 కంటె ఎక్కువయా అని అడిగినచో సమాధానము అవునును కాదు, కాదును కాదు. "తెలియదు" అని వచ్చును. తక్కువయా అనినను అదే సమాధానము. వేర్ నిబంధనలో "అవును" అని తేలిన వరుసలే ఫలితములోనికి వచ్చును గాన 4వ వాడు రెండు జాబితాలలోను చేరడు. అతనికొరకు "మార్కుల గడి ఖాళీగా ఉన్నవారెవరు" అను మూడవ ప్రశ్న వేయవలెను. గైర్హాజరైనవానిని తప్పినవారిలో కలుపకుండుట న్యాయమే. కాని అతనిని పూర్తిగా మరచుట న్యాయము కాదు.

ఎన్ని ప్రశ్నలు, ఎంత జ్ఞాపకము?

జాబితాలో పేర్లు కూడ చూపవలెననుకొందము. పేర్లు ఒక పట్టికలోను, మార్కులు వేరొక పట్టికలోను ఉన్నవి. అనుభవము లేనివాడు మొదట 40 పేర్లను తెచ్చి, లూప్‌లో ఒక్కొక్క పేరునకు మార్కులకై ఒక్కొక్క క్రొత్త ప్రశ్న పంపును. అనగా మొత్తము 41 ప్రశ్నలు. ఒక ప్రశ్న పోయి వచ్చుటకు సెకండులో వేయింట ఐదు వంతులు పట్టునని భావించినచో, 41 ప్రశ్నలకు సుమారు 0.2 సెకండు పట్టును. దీనిని ఎవరును గమనింపరు. కాని విద్యార్థులు 4,000 మంది యైనచో 4,001 ప్రశ్నలకు 20 సెకండ్లు పట్టును. వేలమంది ఒకేసారి ఆ పుటను కోరు దినమున సర్వరు గతి ఏమగునో ఊహింపవచ్చును.

రెండు పట్టికలను విద్యార్థి సంఖ్య ఆధారముగా కలిపి ఒక్క ప్రశ్నతోనే అడుగుట మేలైన మార్గము. దీనిని జాయిన్ అందురు. ఇందును ఒక జాగ్రత్త అవసరము. మామూలు జాయిన్‌లో రెండు పట్టికలందును ఉన్నవారే వత్తురు. మార్కుల పట్టికలో ఒక్క వరుసయు లేని విద్యార్థి పేరు రాదు. పేర్లన్నియు తప్పక రావలెనన్నచో పేర్ల పట్టికను మొదట ఉంచి లెఫ్ట్ జాయిన్ అను రకమును వాడవలెను.

ఫలితమును ఒక్కొక్క వరుసగా గాక, ఒకేసారి అంతయు తెచ్చుకొను ఏర్పాటు కూడ చాల భాషలలో ఉన్నది. పైథాన్‌లో దానిని ఫెచ్ఆల్ అందురు. నలభై వరుసలకు అది సులభమైన మార్గము. కాని 5 లక్షల వరుసలు, వరుసకు 200 బైట్ల చొప్పున తెచ్చినచో 10 కోట్ల బైట్లు జ్ఞాపకములో పేరుకొనును. భాష తన అవసరములకు వాడుకొను స్థలము దీనికి అదనము. పి.హెచ్.పి.లో ఒక ప్రోగ్రామునకు మామూలుగా ఉండు హద్దు 128 మెగాబైట్లే. హద్దు దాటినంతనే ప్రోగ్రాము నడుమనే ఆగిపోవును. కావున కావలసిన గడులనే, కావలసిన వరుసలనే అడుగుట, పెద్ద ఫలితమును కొద్ది కొద్దిగా చదువుట మంచిది.

లెక్క సరిపోవలెను

పై తప్పులన్నిటిలోను సమానమైన గుణమొకటి కలదు. జ్ఞాపకము చాలక ఆగిపోవుట తప్ప, మిగిలినవేవియు చప్పుడు చేయవు. పుట చక్కగానే కనబడును, అందున్నవన్నియు సత్యములే. లేనిదేదో ఆ పుటను చూచినవానికి తెలియదు. లేనివానికి మాత్రమే తెలియును. అతడును ఆ తప్పు తనదే యని నమ్మవచ్చును.

దీనికి విరుగుడు ఉపాధ్యాయులకు చిరపరిచితమైనదే. జవాబు పత్రములను దిద్దిన పిదప ఉత్తీర్ణులను, తప్పినవారిని, గైర్హాజరైనవారిని కూడి, ఆ మొత్తము హాజరు పట్టీలోని సంఖ్యతో సరిపోయినదా అని వారు చూతురు. ప్రోగ్రామునకును ఈ పరీక్షయే పెట్టవలెను. డేటాబేస్‌లో వరుసలను లెక్కించుటకు కౌంట్ అను మాట కలదు. దాని సమాధానమును పుటలో వ్రాసిన వరుసల సంఖ్యతో పోల్చవలెను. పై ఉదాహరణములో ఉత్తీర్ణులు 3, తప్పినవాడు 1, గైర్హాజరు 1, మొత్తము 5.

కంప్యూటరు సదుపాయము గల పాఠశాలలలో విద్యార్థులు ఈ ఐదు వరుసల పట్టికనే స్వయముగా తయారుచేసి పరీక్షింపవచ్చును. మొదట లూప్ లేకుండ, పిదప లూప్‌నకు ముందు ఒక ఫెచ్ చేర్చి, తుదకు సరియైన క్రమములో నడపి, ప్రతిసారియు ఎవరు జారిపోయిరో కాగితముపై వ్రాసికొనవలెను. సున్న వరుసలు వచ్చు ప్రశ్నను, ఒకే వరుస వచ్చు ప్రశ్నను కూడ అడిగి చూడవలెను. ఐదుగురిని పోగొట్టని ప్రోగ్రాము వ్రాయనేర్చినవాడు ఐదు లక్షల మంది జాబితాను చేపట్టినప్పుడును ఈ లెక్కను మరువడు.